మెంటర్ చెప్పగా, శిష్యురాలు వినగా

సోషల్ వర్కర్‌గా శిక్షణ పొందేవాళ్లకు చెప్పేది వినిపించుకోని మెంటర్ దొరకడం మహా అదృష్టం! నవ్వకండి. వినే మెంటరైతే అడిగినదానికి జవాబు చెప్పేస్తారు. ఇక నేర్చుకునేదేముంది?

ఈ అదృష్టం పట్టిన ట్రైనీ ఒకమ్మాయి ఉంది. ఆమె మొదటి కేసు ఒక ముసలాయన. భార్య పోయినప్పటి నుంచీ తలుపు వేసుకుని కూర్చున్నాడు. గుమ్మంలో పెట్టిన భోజనం క్యారియర్ పెట్టింది పెట్టినట్టే ఉంటోంది. ఎన్నిసార్లు తలుపు తట్టినా ఉలుకూ పలుకూ లేదు. ఆయనకేమైనా అవుతుందేమోనని అమ్మాయికి కాళ్లూ చేతులూ ఆడలేదు. పరుగున మెంటర్ మేడమ్ దగ్గరికి వెళ్లింది.

"మేడమ్, ఆ తాతగారు తలుపు..."

"తలుపంటే గుర్తొచ్చింది. మా కోడలు మొన్న తలుపు ధడేల్మని వేసి వెళ్లిపోయిందమ్మా! నేనేమన్నానని?"

అలా మొదలైన మెంటరింగ్ కోడలి మీదుగా మోకాలి నొప్పికి, అక్కణ్ణించి తన ప్రమోషన్ కొట్టేసిన పక్క సీటాయనకు చేరింది. మధ్యలో అమ్మాయి నోరు తెరవబోతే, "వినడం నేర్చుకోవాలమ్మా, మన వృత్తికి అదే ప్రాణం" అన్నారు. ఎంత గొప్ప మాట! చివరికి కళ్లు తుడుచుకుని, "నీతో మాట్లాడితే ఎంత హాయిగా ఉందో!" అంటూ లేచి వెళ్లిపోయారు.

అమ్మాయి ఏం తోచక మళ్లీ ముసలాయన గుమ్మం దగ్గరికే వెళ్లింది. ఈసారి తలుపు తట్టే ఓపిక కూడా లేదు. మెట్టు మీద చతికిలబడి, ఏడుపు గొంతుతో అంది:

"తాతగారూ, నా మాట వినేవాళ్లు ఒక్కరూ లేరండీ."

గడియ చప్పుడైంది. తలుపు సందులోంచి గడ్డం మాసిన ముఖం తొంగిచూసింది.

"ఏమైందమ్మా?"

"ఒకాయన తిండి మానేసి, తలుపు తీయడం లేదు. ఏం చేయాలో తెలియడం లేదు."

ముసలాయన తలుపు ఇంకాస్త తీశాడు. "నువ్వలా దబదబా బాదితే పోలీసులొచ్చారనుకుంటాడు. తినండి, మందులేసుకోండి అంటే చిరాకు. వాళ్లావిడ గురించి అడిగి చూడు."

"ఆవిడ ఎలా ఉండేవారండీ?"

"లోపలికి రా, చెబుతాను. ఆ క్యారియర్ కూడా పట్రా."

చూశారా మెంటరింగ్ మహిమ! వారం తిరక్కుండా ఆఫీసు మీటింగులో మేడమ్ ఈ విజయాన్ని తన ఖాతాలో వేసుకుని, శిష్యురాలి భుజం తట్టారు.

"అంతా బాగుంది గానీ, నీలో ఒక్కటే లోపమమ్మా. కష్టం వస్తే మెంటర్‌తో చెప్పుకోవాలా వద్దా? నువ్వు బొత్తిగా నోరు విప్పవు!"