అద్దం కింద మంత్రిగారు

ఇక మీదట ప్రభుత్వ కార్యాలయాల్లో ఒక్క తీగ కూడా కనబడకూడదని, తీగలు బానిసత్వపు ఆనవాళ్ళని, పాలన గాలిలో సాగాలని మంత్రిగారు ప్రకటించారు. చెప్పి ఊరుకునే మనిషి కాదాయన. స్వయంగా మా ఊరి ఆఫీసుకి వచ్చి, వెండి పళ్ళెంలో పెట్టిన కత్తెర అందుకుని, అధికారిగారి మౌసు తీగని పుటుక్కున కత్తిరించారు. ఆ మౌసు అప్పటిదాకా నిక్షేపంలా పనిచేస్తోంది. పనికిరానిదాన్ని ఎవడైనా పారేస్తాడు. పనిచేసేదాన్ని పారేయడానికి దార్శనికుడు కావాలి.

పళ్ళెం ఆఫీసుది. కత్తెర మా వదినది. ఆఫీసులో పదునైన వస్తువేదీ దొరక్క, మార్కెట్ వీధిలో ఆవిడ కుట్టుకొట్టు నుంచి పట్టుకెళ్ళారు. అది ఇప్పటికీ తిరిగి రాలేదు. చరిత్రలోకి వెళ్ళిన వస్తువులు మామూలుగా తిరిగి రావు.

తెగిన మౌసు స్థానంలో తీగ లేని మౌసు వచ్చింది. దాని వెనకాలే ఒక ఉత్తర్వు వచ్చింది. ప్రతి అధికారి బల్ల మీదా అద్దం పరచాలి. అద్దం కింద, బల్ల ఈ చివరి నుంచి ఆ చివరి దాకా, మంత్రిగారి నవ్వుమొహం పెట్టాలి. అధికారి తల వంచినప్పుడల్లా ఆ నవ్వు చూసి ఉత్సాహం తెచ్చుకోవాలి. మా అధికారిగారి బల్ల పెద్దది, కాబట్టి నవ్వూ పెద్దదే. ఎడమ చెవి సొరుగు దగ్గర, కుడి చెవి కిటికీ దగ్గర. మొహం మీద కప్పు పెట్టడం బాగుండదని అధికారిగారు టీ కప్పు గాల్లో పట్టుకునే తాగడం నేర్చుకున్నారు. మౌసు మాత్రం పెట్టక తప్పదు కనక బుగ్గ మీద పెట్టారు.

వదిన కొట్టు పక్కన నూనె కొట్టు ఉంది. అక్కడి నూనెతో వండుకుని ఆ మధ్య మా వీధి వీధంతా వాంతులు చేసుకుంది. తనిఖీ జరిగింది. కల్తీ అని తేలింది. కొట్టుకి సీలు వేయాలని పై నుంచి ఉత్తర్వు వచ్చింది. మా అధికారిగారు నిజాయితీపరుడు, ఆ మాట నేను ఎక్కడైనా అంటాను. వెంటనే కంప్యూటర్లో కొట్ల పట్టీ తెరిచారు, నూనె కొట్టు వరస మీదికి కర్సర్ని తెచ్చారు, నొక్కారు. నొక్కే క్షణాన కర్సర్ ఒక్క గెంతు గెంతి కింది వరసలోకి దిగింది. కింది వరస మా వదిన.

తాళాల బంట్రోతు వచ్చాడు. నేను అప్పుడు అక్కడే ఉన్నాను.

"అమ్మా, బయటికి రండి. సీలు వేయాలి."

"వాంతులైంది పక్క కొట్టు నూనెతో కదయ్యా," అంది వదిన, నోట్లో సూది అలాగే ఉంచుకుని.

"నిజమేనమ్మా. మా ఇంట్లో కూడా అయ్యాయి. కాని ఫోన్లో మీ కొట్టు నంబరొచ్చింది."

"బట్టలు కుట్టేదాన్ని నేనేం కల్తీ చేస్తాను?"

"అది నాకు తెలియదమ్మా. నేను తాళం వరకే."

అన్నయ్య పోయాక ఆ కుట్టుమిషనే ఇల్లు నడుపుతోంది. మిషన్ లోపల ఉండిపోయింది. దాంతోపాటు బడిపిల్లల యూనిఫారాలు కత్తిరించినవి, సగం కుట్టినవి లోపల ఉండిపోయాయి. బడి తెరిచే రోజు దగ్గరికొస్తోంది. నూనె కొట్టాయన మాత్రం పెద్దమనసుతో గడప దిగి వచ్చి ఓదార్చాడు.

"చట్టం ముందు అందరం సమానమే అక్కా. అధైర్యపడకు. నూనె ఏమన్నా కావాలంటే అడుగు."

ఆఫీసుకి వెళ్ళాం. అధికారిగారు మమ్మల్ని కూర్చోబెట్టారు, జరిగింది పొరపాటేనని ఒప్పుకున్నారు. పొరపాటు ఒప్పుకునే అధికారిని చూడటం నాకదే మొదలు.

"ఇదెంతసేపమ్మా. ఇదిగో, రెండు గళ్ళున్నాయి చూడండి. ఒకటి 'తాళం తీయు'. రెండోది 'మరో నెల పొడిగించు'. మొదటిది నొక్కితే మీ తాళం మీకు."

నొక్కారు. కర్సర్ గెంతింది. మరో నెల పెరిగింది.

"అయ్యయ్యో," అన్నారాయన. సరిచేద్దామని మళ్ళీ నొక్కారు. ఇంకో నెల పెరిగింది.

"సార్, మీరు కాస్త ఆగండి," అంది వదిన. "మీరు సాయం చేసేకొద్దీ నేను ముసలిదాన్నవుతున్నాను."

అక్కణ్ణుంచి మొదలైంది వైద్యం. మౌసులో బ్యాటరీలు మార్చారు. గెంతింది. కంప్యూటర్ వెనకాల గుచ్చిన బుల్లి రిసీవర్ని పీకి ముందువైపు గుచ్చారు. గెంతింది. మధ్యలో ఇనప బీరువా అడ్డమని నలుగురు పట్టి వరండాలోకి లాగారు. బీరువాతో పాటు అందులోని ఫైళ్ళూ వరండాలోకి వెళ్ళాయి, వాన పడింది, ఆ ఫైళ్ళ తాలూకు సమస్యలన్నీ ఒక్కసారిగా పరిష్కారమయ్యాయి. కర్సర్ మాత్రం గెంతింది. గదిలో అందరి ఫోన్లూ ఆపించారు. కర్సర్ వేగం తగ్గించారు. ఇప్పుడు నిదానంగా గెంతింది.

మెకానిక్‌ని పిలిపించారు. వాడు మౌసు తిరగేసి కింద ఎర్ర దీపం చూశాడు. బల్ల మీదున్న ఒక అట్ట తీసి అద్దం మీద వేసి, దాని మీద మౌసు పెట్టి కదిపాడు. కర్సర్ వెన్న మీద కత్తిలా సాగింది. అట్ట తీశాడు. గెంతింది. అట్ట వేశాడు. సాగింది.

అట్ట ఎక్కడ పడిందో అందరం చూశాం. సరిగ్గా మంత్రిగారి ముక్కు మీద.

అధికారిగారు లేచి, రెండు వేళ్ళతో ఆ అట్టని తీసి, ముక్కున్న చోట అద్దాన్ని చేతిరుమాలుతో తుడిచారు.

"ఏమంటావయ్యా?"

మెకానిక్ ఆ నవ్వుమొహాన్ని ఒకసారి చూశాడు. అధికారిగారి మొహాన్ని ఒకసారి చూశాడు. వాడికీ పెళ్ళాం బిడ్డలున్నారు.

"బ్యాటరీ సార్," అన్నాడు.

కొత్త బ్యాటరీలు వేశారు.

మర్నాడు మా అధికారిగారు ఒక సాహసం చేశారు. తలుపు మూసి, మౌసుని తన తొడ మీద పెట్టుకున్నారు. కర్సర్ సాగింది. 'తాళం తీయు' గడి అంచుదాకా వచ్చింది. వదిన కుర్చీలోంచి సగం లేచింది. సరిగ్గా అప్పుడు తలుపు తోసుకుని పార్టీ పట్టణ అధ్యక్షుడు వచ్చారు. ఆయన్ని ఊరంతా 'మైకు' అంటారు. గుసగుస కూడా మైదానం చివరికి వినబడేలా చెబుతారు.

"ఏమండీ, మంత్రిగారిని బల్ల మీద వదిలేసి తొడ మీద పని చేసుకుంటున్నారా?"

అధికారిగారు ఉలిక్కిపడి లేచారు. మౌసు జారి మంత్రిగారి నుదుటి మీద పడింది. పడేటప్పుడు తనంతట తానే నొక్కుకుంది. మరో నెల. అధికారిగారికి మెమో కూడా వచ్చింది: నాయకత్వం కళ్ళెదుట ఉండగా సొంత అవయవాల మీద ఆధారపడినందుకు సంజాయిషీ ఇవ్వవలెను.

విషయం పైకి పాకింది. పై వాళ్ళు ఊరుకుంటారా. నిపుణుల సంఘం వేశారు. సంఘం వాళ్ళు వచ్చి, బల్ల చుట్టూ తిరిగి, అద్దంలో తమ తమ జుట్టు సరిచేసుకుని, నివేదిక ఇచ్చారు. మౌసులో లోపం లేదు. అద్దంలో లోపం లేదు. మొహంలో లోపం ఉండే ప్రశ్నే లేదు. లోపం మణికట్టులో ఉంది. పాత తీగకి అలవాటుపడిన మణికట్టు కొత్త స్వేచ్ఛని తట్టుకోలేకపోతోంది. కనక సిబ్బంది అంతటికీ మణికట్టు శిక్షణ ఇవ్వవలెను. వారం తిరక్కుండా ఆఫీసు ఆవరణలో పొద్దున్నే ఉద్యోగులంతా బారులు తీరి, ఖాళీ చేతుల్ని గాల్లో ముందుకీ వెనక్కీ తిప్పడం మొదలుపెట్టారు. ప్రజల పని మీద ప్రభుత్వోద్యోగులు అంత శ్రమపడటం మా ఊరు అంతకు ముందు చూడలేదు.

అటు ఇంటి దగ్గర తల్లులు వదిన గుమ్మం ఎక్కడం మొదలుపెట్టారు.

"మా వాడి చొక్కాకి ఒక చెయ్యి కుట్టానన్నారు, రెండోది ఎప్పుడండీ?"

"ముందు నా చేతుల సంకెళ్ళు తియ్యనీ తల్లీ," అనేది వదిన. వాళ్ళు వెళ్ళాక నా వైపు తిరిగేది. "ఏమయ్యా మరిదీ, ఊరందరి కోసం గోడల మీద పోస్టర్లు అంటిస్తావు. ఇంట్లో మనిషికి ఒక్కటి అంటించలేవా?"

అంటించాను. 'కుట్టేవాళ్ళకి తాళం, కల్తీకి మేళం' అని రాసి ఆఫీసు గోడ మొత్తం నింపాను. మైకుగారు దాన్ని ఫోటో తీసి పైకి పంపారు. మంత్రిగారి గొప్పతనం చూడండి. నన్ను లోపల వేయించలేదు. తానే వచ్చి తన చేత్తో ఆ తాళం తీస్తానని ప్రకటించారు.

వచ్చారు. కెమెరాలు వచ్చాయి. తాళాల బంట్రోతు కొట్టు దగ్గర చేతిలో ఫోను, మొలలో తాళంచెవితో నిలబడ్డాడు. మంత్రిగారు అధికారి కుర్చీలో కూర్చుని, కింద తన మొహాన్ని చూసుకుని, పైన తన మొహంతో నవ్వారు. మౌసు కదిపారు. కర్సర్ తెర ఈ మూల నుంచి ఆ మూలకి మిడతలా ఎగిరింది.

"ఇదెందుకిలా గెంతుతోంది?"

"బ్యాటరీ సార్," అన్నారు అధికారిగారు.

"బ్యాటరీ సార్," అన్నాడు మెకానిక్.

"బ్యాటరీలో కుట్ర ఉంది సార్," అన్నారు మైకుగారు.

"బ్యాటరీ కాదండీ," అంది వదిన. "అద్దం. మీ మొహం మీద ఒక గుడ్డ కప్పితే కదులుతుంది."

గది చల్లబడింది. మొహం మీద గుడ్డ ఎప్పుడు కప్పుతారో చిన్నపిల్లలకి కూడా తెలుసు. అధికారిగారు కళ్ళు మూసుకున్నారు. మైకుగారు మొట్టమొదటిసారి, వినబడకుండా ఏదో అన్నారు.

మంత్రిగారు వదిన వైపు చూశారు. ఏమనుకున్నారో ఏమో, నవ్వారు. భుజం మీది పార్టీ కండువా తీసి, మడత విప్పి, తన మొహం మీద తానే పరిచారు. దాని మీద మౌసు పెట్టి కదిపారు. కర్సర్ బుద్ధిగా నడిచి వెళ్ళి 'తాళం తీయు' గడిలో నిలబడింది. నొక్కారు. 'తాళం తీయబడినది' అని తెర మీద పడింది. రెండు వీధుల అవతల బంట్రోతు తాళం తీశాడు. వదిన చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆవిడ ఏడవడం అన్నయ్య పోయిన రోజు తర్వాత నేను మళ్ళీ చూడలేదు. ఇప్పుడు కొంచెం చూశాను.

చప్పట్లు మోగాయి. ఫోటోగ్రాఫర్ చెయ్యెత్తాడు.

"సార్, బొమ్మ బాలేదు సార్. మీ భుజం మీద కండువా లేదు. పార్టీ రంగు పడలేదు. కింద మొహం కూడా కనబడటం లేదు."

"నిజమే సార్," అన్నారు మైకుగారు, గొంతు తిరిగొచ్చి. "చూసేవాళ్ళు రాజీనామా చేశారనుకుంటారు. ఇంకొక్కసారి నొక్కండి, ఫోటో కోసం."

"వద్దండీ, అయిపోయింది కదా," అంది వదిన.

"మీ గురించేనమ్మా ఇదంతా, కాస్త పక్కకి జరగండి," అన్నాడు ఫోటోగ్రాఫర్.

మంత్రిగారు కండువా దులిపి భుజాన వేసుకున్నారు. మౌసుని బుగ్గ మీద పెట్టారు. కెమెరా వైపు చూసి నవ్వుతూ నొక్కారు. మెరుపు మెరిసింది. అందరూ ఆయన మొహమే చూస్తున్నారు, పైనదో కిందదో. తెర వైపు చూసింది ముగ్గురం. నేను, వదిన, అధికారిగారు. అధికారిగారు చూసి, చప్పట్లు ఇంకాస్త గట్టిగా కొట్టారు.

పరుగున కొట్టుకి వెళ్ళాం. బంట్రోతు తాళం మళ్ళీ వేసి, లాగి చూసుకుంటున్నాడు.

"తీశాను కదమ్మా," అన్నాడు, మర్యాదగానే. "తియ్యమన్న వెంటనే తీశాను. వెయ్యమన్న వెంటనే వేశాను. ఇంత వేగం మా సర్వీసులో చూడలేదు."

పత్రికల్లో బొమ్మ బ్రహ్మాండంగా వచ్చింది. 'ఒక్క క్లిక్కుతో కుట్టుకొట్టుకి విముక్తి' అని కింద రాశారు. బడి తెరిచిన రోజు పిల్లలు రంగు రంగుల చొక్కాలతో వెళ్ళారు, వెనక్కి వచ్చారు. పేపర్లో కొట్టు తెరిచినట్టు వచ్చింది కనక తెరిచే ఉంటుందని, కుట్టడానికి బద్ధకించి తాళం వేసుకుందని ఒకరిద్దరు తల్లులు వదినతో మాట్లాడటం మానేశారు.

మొన్న అధికారిగారి దగ్గర్నుంచి కబురొచ్చింది. వదినా నేనూ వెళ్ళాం. బల్ల మీద కొత్త అద్దం, పాతదానికన్నా మందం. అద్దం కింద మంత్రిగారి మొహం. గడ్డం దగ్గర, అద్దం కిందే, ఆ రోజు మంత్రిగారు పరిచిన కండువా చక్కగా మడిచి ఉంది. వెళ్తూ వెళ్తూ ఆయన దాన్ని ఆఫీసుకి ప్రసాదించారట.

"చారిత్రక వస్తువమ్మా," అన్నారు అధికారిగారు. "అంచు పీచులేస్తోంది చూశారా. పై నుంచి తనిఖీకి వస్తే నా ఉద్యోగం పోతుంది. పరాయి చెయ్యి పడటం బాగుండదు, మీరే కాస్త అంచు కుట్టిపెట్టాలి."

వదిన వంగి అద్దంలోంచి చూసింది.

"దానిదేముంది సార్, కుడతాను. మిషన్ కొట్లో ఉంది."

"అంతేనా. ఒక్క నిమిషం కూర్చోండి," అని అధికారిగారు కుర్చీ ముందుకి లాక్కుని, అద్దం మీద మౌసు పట్టుకున్నారు. వదిన మొహం చూసి ధైర్యం చెప్పారు.

"కంగారుపడకండమ్మా. పొద్దున్నే బ్యాటరీలు మార్పించాను."