విశ్వేశ్వర్ సేటు దుకాణం ముందు రాయి

ఆ పొద్దున దుకాణానికి వెల్ల వేయించాలని విశ్వేశ్వర్ సేటు సున్నం తడిపించి పెట్టుకున్నాడు. పటాన్‌చెరు దగ్గర, బొంబాయి రోడ్డు పక్కన బెల్లం, పల్లీలు అమ్మే ఆ దుకాణం ముత్తాత బద్రీనాథ్ పెట్టింది. తలుపులు తీద్దామని వచ్చేసరికి ఎదురుగా నిలువెత్తు రాయి పాతి ఉంది. దానికి గోనె చుట్టి తాడు బిగించారు.

ఫ్యాక్టరీలు కొత్తగా వస్తున్న రోజులు, రాయి పాతారంటే భూమి పోయినట్టే. జంగయ్య జొన్నచేనులో నిరుడు ఇలాగే రాళ్లు పాతారు, ఇప్పుడక్కడ పొగగొట్టం లేచింది. పైగా పోయిన నెల ఫ్యాక్టరీ ఆఫీసరు కామేశ్వరరావు వచ్చి, దుకాణం ఎప్పటిది, పెట్టిందెవరు అని గుచ్చి గుచ్చి అడిగాడు. కోస్తా నుంచి వచ్చిన మనిషి, మాట మెత్తన. పల్లీపట్టీ పెట్టి మరీ అన్నీ చెప్పేశాడు మన సేటు.

గోనె విప్పి చూడమంది భార్య రుక్మిణి. సర్కారు రాయి ముట్టుకుంటే సంగారెడ్డి జైలే అన్నాడు సేటు. తను ముట్టకుండా పని జరగాలని మల్లవ్వను పిలిపించాడు. ఊళ్లో ఏ అమ్మవారికైనా మొదటి బోనం ఎత్తేది ఆవిడే.

"మల్లవ్వా, రాత్రి కలల పోశమ్మ తల్లి అవుపడ్డది. నీ దుకాణం ముంగట నిలబడ్డ అన్నది."

మల్లవ్వ రాయిని చూసింది, సేటును చూసింది. "సేటు కలలకు తల్లి ఉత్తగ రాదు. పసుపు తియ్యి," అంది.

పసుపిచ్చి, సాక్ష్యం చెప్పాల్సి వస్తుందని సేటు లోపలికెళ్లి గోడవైపు తిరిగి కూర్చున్నాడు. మల్లవ్వ గోనె విప్పింది. రాయి నిండా గాట్లు. చదువు రాని ఆవిడకు అవి తల్లి ఒంటి మీది గాయాల్లా కనబడ్డాయి. అయ్యో అనుకుంటూ ఒక్కొక్క గాటులో పసుపు మెత్తి పూడ్చింది.

వారం తిరిగేసరికి వేపమండలు, కోళ్లు, జనం. లారీడ్రైవర్లు ఆగి కొబ్బరికాయలు కొట్టసాగారు. బెల్లం కొనాలంటే మేకను దాటి రావాలి. ఆ రద్దీలోకి పూలదండతో దిగిన కామేశ్వరరావు, రాయిని చూసి బెల్లం బస్తా మీద కూలబడ్డాడు.

"ఆ రాయి నేనే చెక్కించానండీ, మీకు చెప్పకుండా గోనె చుట్టించి, ఇవాళ విప్పి సంబరపెడదామని. ఎడారి దేశాలకు వెళ్లే సరుకును బొంబాయి ఓడలకు మోసే ఒంటెల బిడారులు పూర్వం ఈ దారినే వెళ్లేవట. బద్రీనాథ్ సేటు అంగడి దగ్గర ఆగేవని మీ ముత్తాతగారి పేరు కూడా వేయించాను. రేపు రోడ్డు వెడల్పు చేస్తే, పాత అంగడని చూపించి దుకాణం కాపాడుకోవచ్చని."

సేటు కళ్లలో నీళ్లు తిరిగాయి. ముత్తాత పేరు దుకాణం బోర్డు మీద కూడా లేదు. చెంబు తీసుకుని రాయి దగ్గరికి పరుగెత్తాడు. మల్లవ్వ అడ్డం నిలబడింది.

"ఆగు సేటూ. నీ కలలకొచ్చిన తల్లి. మొఖం కడిగేస్తే ఊరు ఊకుంటదా?"

కల అబద్ధమని చెప్పలేక సేటు చెంబెడు నీళ్లూ రాయి మొదట్లో పోసి దండం పెట్టాడు.

తర్వాత రోడ్డు వాళ్లు నిజంగానే వచ్చారు. అమ్మవారికి దండం పెట్టి రోడ్డును పక్కకు వంచారు. భక్తులు నిలబడే చోటు కోసం దుకాణం తీయమన్నారు. సేటు ఎదురు వరసకు మారాడు. తల్లి తన కలలోకొచ్చింది కాబట్టి పసుపు సేవ ఆయనదేనని ఊరంతా తీర్మానించింది.

ప్రతి శుక్రవారం ముత్తాత పేరు మీద ఇంకో పూత వేసి వస్తాడు.