కదిలితే రెండు రౌండ్లు

ఆ రోజు పొద్దున డ్రిల్లు మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. వాకింగ్ అని చెప్పి ఆరున్నరకు బయలుదేరాలి. వీధి చివర మేడ మీద ఏడింటికి మొదలయ్యే కొత్తవాళ్ల యోగా క్లాసులో కూర్చోవాలి. ఎనిమిదింటి క్లాసుకు భార్య వచ్చేలోగా మెట్లు దిగిపోవాలి. ఇంత రహస్యం ఎందుకంటే, ఆవిడ రెండేళ్లుగా అక్కడికి వెళుతోంది. ఆ రెండేళ్లూ ఆయన "పడుకోవడానికి కూడా పాఠాలా?" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్లనీ నవ్విస్తున్నారు.

నవ్వించిన పాపమో ఏమో, నెల కిందట ఆయన నడుము పట్టేసింది. పక్క మీంచి లేవాలంటే మంచంకోడు, కిటికీ, గోడ, మూడింటి సాయమూ కావలసి వస్తోంది. రిటైరై ఆరేళ్లయినా స్కూలు పరుగుపందెంలో ఈల ఊదే గౌరవం ఇప్పటికీ ఆయనదే. ఆదివారం పందెంనాటికి వంగి, పిల్లల కాళ్లు గీత దాటాయేమో చూడలేకపోతే ఈసారి ఈల కుర్రమాస్టారికి ఇస్తామని హెడ్మాస్టరు మర్యాదగానే చెప్పారు. మర్యాదగా చెప్పినందుకే ఆయనకు మరీ బాధ వేసింది. మందులకంటే మెల్లగా చేయించే ఆ యోగాయే మేలని డాక్టరు కూడా తేల్చేశాడు.

క్లాసులో కొత్తవాళ్లు మొత్తం ఏడుగురు. మాస్టారు తప్ప మిగతా ఆరుగురూ ఒకప్పుడు ఆయన చేతికింద మైదానం చుట్టూ పరిగెత్తినవాళ్లే. ఆయన్ని చూడగానే చాపలన్నీ సర్దుకుని తిన్నగా ఒక వరుసలోకి వచ్చేశాయి. టీచరమ్మ అందరినీ వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్ల కింద దిండ్లు పెట్టించి, కళ్ల మీద గుడ్డ కప్పించింది. పక్కనున్నవాళ్లకే వినపడేంత మెత్తని గొంతు ఆవిడది.

"ఏమీ చెయ్యకండి. బయట ఏ శబ్దం వచ్చినా రానివ్వండి, దాని వెంట పోకండి. నేను లేవమనేదాకా ఇలాగే ఉండండి."

సరిగ్గా అప్పుడే కింద ఎవరో, స్కూటరు దారికి అడ్డంగా ఉంది తియ్యమని కేకేశారు. ఆవిడ చప్పుడు కాకుండా దిగి వెళ్లింది. వెనకే గాలికి తలుపు పడింది. ఆ తలుపు పడిందంటే బయటినుంచి తాళంచెవి లేనిదే రాదు. తాళంచెవి, ఫోను, రెండూ లోపల ఆవిడ సంచిలో ఉన్నాయి.

కాసేపటికి తలుపు తట్టిన చప్పుడైంది. మాస్టారి పక్కనున్న టైలరు లేవబోయాడు.

"ఎక్కడికి?"

"ఎవరో తలుపు కొడుతున్నారు సార్."

"కొట్టనీ. ఏ శబ్దమొచ్చినా రానివ్వమన్నారా లేదా? ఇది పరీక్షరా."

పరీక్షల సంగతి ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? నలభై ఏళ్లపాటు పిల్లల్ని అటెన్షన్‌లో నిలబెట్టి, వెనక నుంచి ఇనప పళ్లెం కింద పడేసేవారు. తల తిప్పినవాడికి మైదానం చుట్టూ రెండు రౌండ్లు. ఇప్పుడూ అదే మాట అన్నారు. యాభై ఏళ్ల టైలరు వెంటనే పడుకున్నాడు.

సంచిలో ఫోను పదకొండుసార్లు మోగింది. తరవాత తలుపు మీద భుజంతో గుద్దుతున్న మోత. "లేవండి! తలుపు తియ్యండి!" అని అరుపు. అది మేడమ్ గొంతులాగే ఉందని టైలరు భయంభయంగా మనవి చేసుకున్నాడు.

"మేడమ్ అరవరు. ఎవరిచేతో అరిపిస్తున్నారు" అని మాస్టారు తేల్చేశారు. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

లోపల ఏడుగురున్నారు, ఉలుకూ పలుకూ లేదు అన్న మాట కింద కొట్టుదాకా వెళ్లింది. అక్కడినుంచి ఊపిరాడక పడిపోయారని వీధి మొగదాకా పాకింది. చిలికి చిలికి గాలివానై, చివరికి సైరన్ మోగించుకుంటూ ఫైరింజన్ వచ్చి ఆగింది. సైరన్ వినగానే మాస్టారికి టీచరమ్మ మీద గౌరవం పొంగుకొచ్చింది.

"ఏర్పాట్లంటే ఇవీ. నేను పళ్లెంతో సరిపెట్టాను" అన్నారు.

ఇంతలో ఎనిమిదైంది. మాస్టారి భార్య మెట్లెక్కి వచ్చి, గుమ్మం దగ్గర ఆయన బూట్లు చూసి గుండె జారిపోయి తలుపు మీద పడింది.

"ఏమండీ, వినపడుతోందా? ఒక్కసారి పలకండి."

ఆ గొంతులో వణుకు విని మాస్టారి మనసు నీరైపోయింది. లేవాలనే అనుకున్నారు. కానీ ఇది పరీక్షయితే, లేచినవాడికి క్లాసు పోతుంది, దాంతో ఆదివారం ఈలా పోతుంది. నిజంగా ఆవిడే అయితే, గుడ్డ కిందే క్షేమం. రెండు విధాలా కదలకపోవడమే మంచిదని ఊరుకున్నారు.

ఫైరింజన్ ఉద్యోగి నిచ్చెనేసుకుని కిటికీదాకా ఎక్కాడు. కిటికీకి ఊచలున్నాయి, మనిషి పట్టడు. లోపలికి తొంగిచూసి, అందరూ ఊపిరి పీలుస్తున్నారని, లేవమంటే మాత్రం ఒక్కరూ లేవడం లేదని గట్టిగా చెప్పాడు. ఆ మాటతో మాస్టారి భార్యకు సంగతంతా అర్థమైంది. నలభై ఏళ్ల కాపురం మరి. కళ్లు తుడుచుకుని, తలుపు దగ్గరనుంచే కేక వేసింది.

"నీ దగ్గర ఈల ఉందా నాయనా? ఊదు."

అతను ఊదాడు. ఏడుగురూ ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. అందరికంటే ముందు లేచింది మాస్టారే. గుండె విరుచుకుని నాలుగడుగుల్లో వెళ్లి తలుపు తీశారు. ఎదురుగా భార్య కనపడేసరికి దొంగకు తేలు కుట్టినట్టయింది. చేతిలోని గుడ్డ జారి ఆవిడ కాళ్ల దగ్గర పడింది.

"వాకింగ్ ఎంతదాకా వెళ్లొచ్చారు?"

మాస్టారు వంగి గుడ్డ తీశారు. తీసి నిటారుగా నిలబడ్డాక, ఏం చేశారో ఆయనకే తెలిసొచ్చింది. మంచంకోడు లేదు, గోడ లేదు. భార్య ఆయన నడుము వంకే చూస్తోంది. కోపం మరిచిపోయి నవ్వింది.

టీచరమ్మకు మాత్రం అరిచి అరిచి గొంతు పోయింది, తలుపు గుద్ది గుద్ది భుజం పట్టేసింది. మాస్టారే ఆవిణ్ణి చాప మీద పడుకోబెట్టి, దిండ్లు సర్ది, కళ్ల మీద గుడ్డ కప్పారు.

"ఏ శబ్దమొచ్చినా రానివ్వండి మేడమ్. తలుపు సంగతి నేను చూసుకుంటాను."

ఆదివారం ఆయన వంగి గీత సరిచూసి, ఈల ఊదారు. పిల్లలంతా పరిగెత్తారు. ప్రేక్షకుల్లో టైలరుతో సహా ఆరుగురు లేచి నిలబడి, మాస్టారు చెప్పేదాకా కూర్చోలేదు.