ఏడుగురు ఫార్వర్డులు, ఒక చిటికెన వేలు

“ఈసారి కూడా అందర్నీ గోలు కొట్టేవాళ్ళనే తెచ్చారనుకోండి, మరి వచ్చే బంతిని ఆపేదెవరండీ?” అని శేషుకుమారి పైకే అనేసింది.

అప్పటికింకా ఏమీ జరగలేదు. గిరావీన్‌లో వాళ్ళింటి ముందు నుంచి కారు కదలనైనా లేదు. స్టీరింగు దగ్గర కూర్చున్న భర్త విష్ణువర్ధన్ రైలు సిగ్నళ్ళ ఇంజనీరు. ఎర్రదీపం కనిపిస్తే ఆగడం వృత్తిధర్మం కాబట్టి, భార్య గొంతులో కంగారు వినిపించగానే ఆయన మాట ఆపేస్తాడు. వెనక సీట్లో పెద్దమ్మాయి అక్షర, ఎడమచేతి చిటికెన వేలికి కట్టుతో. పక్కన చిన్నమ్మాయి చైత్ర, చెవుల్లో పాటలతో. శేషుకుమారి ప్రశ్నలకు జవాబు చెప్పే ఆచారం ఆ ఇంట్లో ఎప్పుడో పోయింది. మొదట్లో చెప్పేవారు. చెప్పిన ప్రతి జవాబులోంచీ ఇంకో భయం పుట్టుకొస్తోందని తేలాక మానేశారు.

వాళ్ళు వెళ్తున్నది పశ్చిమ సిడ్నీ తెలుగు కళా క్రీడా సమితి వారి నియామకోత్సవానికి. సమితికి ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టు ఒకటి ఉంది. ఈ దేశంలో ఫుట్‌బాల్ అనే పేరు మీద నాలుగైదు రకాల ఆటలు ఆడతారు. ఇది కాలితో ఆడేది. చలికాలమంతా ప్రతి ఆదివారం చుట్టుపక్కల పేటల జట్లతో పోటీ ఉంటుంది. సీజను మొదలవడానికి వారం ముందు, జట్టులోకి కొత్తగా తెచ్చిన పిల్లల్ని వేదిక మీదికి పిలిచి శాలువా కప్పి సభకు పరిచయం చేయడమే నియామకోత్సవం. ఆటలో మన జట్టు అట్టడుగున ఉన్నా, నియామకోత్సవంలో మాత్రం మూడేళ్ళుగా మనల్ని కొట్టినవాళ్ళు లేరు. మిగతా జట్లకు అసలు నియామకోత్సవమే లేదన్నది వేరే సంగతి.

కిందటేడు మన జట్టు పద్నాలుగు ఆటలాడి పదకొండు గోళ్ళు కొట్టింది. అవతలివాళ్ళకి అరవైమూడు ఇచ్చుకుంది. ఇచ్చుకున్న అరవైమూడూ అక్షర పక్కనుంచి, పైనుంచి, ఒక్కోసారి చేతుల్లోంచే వెళ్ళాయి. కారణమేమంటే గోల్‌కీపరు అక్షరే. కారణానికి కారణం వాళ్ళమ్మ. మూడేళ్ళ కిందట జట్టు పెట్టిన మొదటిరోజు, వానకోటూ ఆయాసం మందూ బ్యాండ్‌ఎయిడ్ డబ్బా రెండు రకాల సన్‌స్క్రీనూ సంచిలో సర్దేసరికి శేషుకుమారికి నలభై నిమిషాలు పట్టింది. వీళ్ళు మైదానం చేరేసరికి తతిమ్మా పది స్థానాలూ నిండిపోయాయి. అక్షర మిగిలిన చేతి తొడుగులు వేసుకుంది. ఆనాటి నుంచీ ఆట అయ్యాక శేషుకుమారి కూతురి రెండు చేతులూ పట్టుకుని పది వేళ్ళూ లెక్కపెడుతుంది. పది ఉంటే ఇంటికెళ్ళి దిష్టి తీస్తుంది. రెండు వారాల కిందట సీజనుకు ముందు సరదాకి ఆడిన ఆటలో కూడా పదీ ఉన్నాయి. కాకపోతే ఒకటి అవతలి వైపుకు వంగి ఉంది.

“ఫ్రాక్చర్ అమ్మా, ఇట్స్ ఫైన్. ఐదు వీక్స్‌లో హీల్ అవుతుంది,” అంది అక్షర. ఆ పిల్ల యూనివర్సిటీలో ఫిజియోథెరపీ చదువుతోంది. తన కట్టు తనే కట్టుకుంది.

శేషుకుమారి ఆ రాత్రంతా ఏడ్చింది. ఆమె చదివింది ఇంటర్ రెండో సంవత్సరం దాకా. హారిస్ పార్క్‌లో ఒక మిఠాయి కొట్లో కాజాలు సర్దుతుంది. ఆటల గురించి తనకేమీ తెలియదని తనే ఒప్పుకుంటుంది. కానీ ఇంటి చూరు కారుతుంటే చూరు బాగుచేయించాలి గాని, హాల్లో ఇంకో ఏడు సోఫాలు వేయకూడదన్న పాటి జ్ఞానం ఆమెకుంది. ఇది మాత్రం సమితిలో ఇంకెవరికీ ఉన్నట్టు కనబడదు.

అలాగని సమితి చేతులు ముడుచుకు కూర్చుందనడం అన్యాయం. అరవైమూడు గోళ్ళ మీద నిజనిర్ధారణ ఉపసంఘం వేశారు. కార్యదర్శి రాధాకృష్ణ దాని కన్వీనరు. కంప్యూటర్ ఉద్యోగంలో ఉన్నవాడు కాబట్టి ఇరవైరెండు పేజీల నివేదిక, రంగురంగుల పటాలతో సమర్పించాడు. సారాంశం ఇది: మన జట్టు అరవైమూడు గోళ్ళు ఇచ్చుకున్న మాట వాస్తవం. అయితే అరవైనాలుగు కొట్టి ఉంటే ఆ అరవైమూడు ఎవరికీ గుర్తుండేవి కావు. కావున లోపం దాడిలోనే ఉన్నది. తక్షణం ఫార్వర్డులను నియమించవలెను. నివేదికను సభ చప్పట్లతో ఆమోదించింది.

ఆమోదించేముందు కోచ్ మున్సామిని అడిగారు. ఆయన ఫిజీ నుంచి వచ్చిన తెలుగాయన. బస్సు డ్రైవరుగా పనిచేసి రిటైరయ్యాడు. కుర్రతనంలో అక్కడి దీవుల్లో పేరున్న ఆటగాడు. నాయనమ్మ దగ్గర నేర్చుకున్న తెలుగు ఆయనది, అందులో అనవసరమైన మాటలుండవు.

“కీపరు ఒకటి, బ్యాకు రెండు. అంతే గావాల,” అన్నాడు. బ్యాకంటే కీపరు ముందు నిలబడి అడ్డుకునేవాళ్ళు.

మూడేళ్ళుగా ఆయన ఈ మాటే అంటున్నాడు. మూడేళ్ళుగా మినిట్స్ పుస్తకంలో ‘శిక్షకులు శ్రీ మున్సామి గారు హర్షం వెలిబుచ్చారు’ అని రాస్తున్నారు.

ఇక నియామక విధానం. పిల్లను ఎంచుకోవడానికి ఐదు నక్షత్రాల పద్ధతి ఉంది. పన్నెండో తరగతిలో వచ్చిన లేదా రాబోయే ర్యాంకుకి ఒక నక్షత్రం. భరతనాట్యం అరంగేట్రం అయి ఉంటే ఒకటి. తల్లిదండ్రుల చదువుకి ఒకటి. వెనక సంగీతం పెట్టిన వీడియో ఉంటే ఒకటి. ఐదో నక్షత్రం బంతి తన్నించి చూసి ఇవ్వాలని నియమావళిలో స్పష్టంగా ఉంది గాని, నాలుగు నక్షత్రాలయ్యేసరికే హాలు అద్దె గడువు ముగుస్తున్నందున ఐదోది అందరికీ గౌరవార్థం ఇస్తున్నారు.

తర్వాత కమిటీ పిల్లల ఇళ్ళకు వెళ్ళి, పులిహోర తిని, వాగ్దానాలు చేస్తుంది. ప్రతి తండ్రీ మేటి ఆటగాళ్ళు వేసుకునే పదో నంబరు చొక్కా అడిగాడు. ఒక జట్టులో ఏడుగురికి పదో నంబరు కుదరదని పోటీలు నడిపే లీగు వారు మొండికేశారు. చివర సున్నా ఉంటే చాలునని రాజీ కుదిరింది. అందుచేత ఈ ఏడాది మన జట్టులో పది, ఇరవై, ముప్ఫై, అలా డెబ్భై దాకా ఉన్నారు.

గోల్‌కీపరు కోసం అడగలేదా అంటే, అడిగారు. శారదాంబ గారింట్లో అడిగారు. ఆవిడ కూతురు ఐదడుగుల పదకొండు అంగుళాలు, చేయెత్తితే ట్యూబులైటు అందుతుంది. శారదాంబ పులిహోర గిన్నె మీద మూత పెట్టేసింది.

“డాక్టర్‌గారూ, ఇంత చదివించి పిల్లని గేటు దగ్గర వాచ్‌మన్‌లా నిలబెట్టమంటారా? రేపు ఇండియాలో మా అత్తగారు అడిగితే ఏమని చెప్పను?”

అధ్యక్షులు డాక్టర్ ద్వారకానాథ్ నొచ్చుకున్నారు. కెల్లీవిల్‌లో తన ఇంటికి మూడు గేట్లున్నా ఏనాడూ ఎవర్నీ నిలబెట్టలేదని విన్నవించారు. ఆ పిల్ల పేరు ఎదుట ముప్ఫై నంబరు రాశాకే శారదాంబ మూత తీసింది.

ఈ కబురు విని శేషుకుమారి మిఠాయి కొట్టులో వచ్చినవాళ్ళందరితోనూ మొత్తుకుంది. “అందరూ అందలం ఎక్కేవాళ్ళే అయితే మోసేవాళ్ళెవరండీ? ఒక్క తల్లి, ఒకే ఒక్క తల్లి తన పిల్లని అక్కడ నిలబెడితే మా అక్షర వేళ్ళు దక్కవూ?” కాజాలు కొనుక్కునేవాళ్ళందరూ నిజమే నిజమే అన్నారు. అందులో నలుగురికి ఫార్వర్డు కూతుళ్ళున్నారు.

ఆఖరున కమిటీ శేషుకుమారి ఇంటికే వచ్చింది. చైత్రకు పదహారు నిండాయి, ఈ ఏటి నుంచీ జట్టుకు అర్హురాలు. ద్వారకానాథ్ పెసరట్టు తుంచుతూ, “అమ్మాయి నడకలోనే ఫార్వర్డ్ కళ ఉందమ్మా,” అన్నారు. చైత్ర అప్పుడు నడవలేదు. సోఫాలో పడుకుని ఉంది. అక్షర వేలు గురించి నిలదీయాలని శేషుకుమారి పొద్దుటి నుంచీ మాటలు కూడబలుక్కుని ఉంది. కానీ చిన్నదానికి నాలుగు నక్షత్రాలూ గౌరవార్థం ఐదోదీ అనేసరికి ఆ మాటలు ఎటుపోయాయో పోయాయి. ఫారంలో ‘స్థానం’ అన్న గడిలో గుండ్రటి అక్షరాలతో ఫార్వర్డ్ అని రాసి, కాఫీ తేవడానికి లేచింది. పిల్లను అడగవలసిన గడి ఫారంలో లేదు.

వీళ్ళ కారు చేరేసరికి హాలు కిటకిటలాడుతోంది. మిరపకాయ బజ్జీల వాసన, ప్లాస్టిక్ మామిడి తోరణాలు. తెర మీద ఏడుగురి వీడియోలూ సంగీతంతో సహా వేశారు. ఏడుగురూ శాలువాలు కప్పించుకుని ముందు వరసలో కూర్చున్నారు. ద్వారకానాథ్ మైకు అందుకున్నారు.

“సోదర సోదరీమణులారా! కాగితం మీద చూస్తే ఈ రోజు న్యూ సౌత్ వేల్స్‌లో మనను మించిన నియామకం లేదు. ఇంతటి ఫార్వర్డ్ సంపద ఏ జాతికి ఉంది? మన పిల్లలు ముందుకే పోతారు. వెనక్కి చూడరు!”

చప్పట్లు. రాధాకృష్ణ కళ్ళు తుడుచుకున్నాడు. ఆ సద్దు ఆగకముందే వెనక వరసలోంచి అక్షర లేచింది.

“అంకుల్, నెక్స్ట్ సండే ఫస్ట్ మ్యాచ్. గోల్‌లో ఎవరు?”

ద్వారకానాథ్ రాధాకృష్ణ వైపు చూశారు. రాధాకృష్ణ నివేదిక తిరగేశాడు. ఇరవైరెండు పేజీల్లోనూ లేదు.

“మంచి ప్రశ్నమ్మా. కోచ్ గారూ?”

“కీపరు ఒకటి,” అన్నాడు మున్సామి, కుర్చీలోంచి లేవకుండా. “ఇప్పుడు బ్యాకు కూడా అక్కర్లే. కీపరు ఒకటి. పెద్దపాప వేలు విరిగింది గదా బాసూ.”

ద్వారకానాథ్ గొంతు సవరించుకుని, జాతి చరిత్రలో త్యాగధనుల పాత్ర గురించి నాలుగు మాటలు చెప్పి, “ఏ తల్లి అయినా, ఏ తండ్రి అయినా...” అని సభను కలయజూశారు. సభ తన ఫోన్లు చూసుకుంది. ఒక తండ్రి తన కూతురికి దుమ్ము పడదన్నాడు. ఇంకో తల్లి జాతకంలో ద్వారం దగ్గర గండం ఉందంది. శారదాంబ మోకాళ్ళ వరకూ వంగి సంచిలో ఏదో వెతుకుతోంది.

శేషుకుమారికి కడుపు మండిపోయింది. “చూశారా, చూశారా, ఒక్కళ్ళు కూడా లేవరు!” అని భర్త మోచేయి గిల్లింది. “మనుషులేనా వీళ్ళు? నా పిల్ల వేలు విరిగితే వీళ్ళకి బజ్జీలు ఎలా దిగుతున్నాయండీ?”

అప్పుడు ముందు వరసలో ఒక చేయి లేచింది. డెబ్భయ్యో నంబరు చేయి.

“ఐ కెన్ డూ ఇట్,” అంది చైత్ర. “అక్కతో బ్యాక్‌యార్డ్‌లో టూ ఇయర్స్‌గా అదే ఆడుతున్నా. గోల్‌లో ఉండడమే నాకిష్టం. నన్నెవరూ అడగలేదు, అంతే.”

హాలంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది. చప్పట్లు ఎంత గట్టిగా మోగాయంటే ఇంతకుముందు ఏడుగురికీ కలిపి అంత మోగలేదు. శారదాంబ లేచి నిలబడి మరీ కొట్టింది. మున్సామి తొలిసారి హర్షం వెలిబుచ్చాడు. అది మినిట్స్‌లో రాయడానికి ఎవరికీ గుర్తులేదు. అక్షర చెల్లెలి వైపు చూసి, కట్టున్న చేత్తోనే బొటనవేలు పైకెత్తింది.

“సాధు! సాధు!” అన్నారు ద్వారకానాథ్. “ఒక చిన్న లాంఛనం. పాప మైనరు కాబట్టి, స్థానం మార్చాలంటే తల్లి గారి అనుమతి కావాలి.” ఫారమూ పెన్నూ పట్టుకుని రాధాకృష్ణ వెనక వరసకు నడిచొచ్చాడు. “అమ్మా శేషుకుమారి గారూ, ఇన్నాళ్ళూ మీరు కోరుకున్నదే కదా. ఇక్కడ ఫార్వర్డ్ కొట్టేసి కీపర్ అని రాయండి, చాలు.”

హాలు ఆమె వైపు తిరిగింది. నలభై మంది తల్లులు, ప్రతి ఒక్కరూ ఏడాదిగా ఆమె మొర విన్నవాళ్ళే. శేషుకుమారి పెన్ను తీసుకుంది. ఫారంలో తన గుండ్రటి అక్షరాలు చూసింది. వేదిక కింద శాలువా కప్పుకున్న చిన్నదాన్ని చూసింది. దాని చేతులు చూసింది. పక్కన నిలబడ్డ పెద్దదాని చేతులు చూసింది. ఎవరో మైకు తెచ్చి ఆమె నోటి దగ్గర పెట్టారు. బజ్జీలు చల్లారిపోయాయి. బయట ఏదో రైలు వెళ్ళింది, దాని వెనకే ఇంకోటి వెళ్ళింది. విష్ణువర్ధన్ రెండూ లెక్కపెట్టాడు.

చివరికి శేషుకుమారి పెన్ను మూత పెట్టి రాధాకృష్ణ చేతికిచ్చేసింది.

“పెద్దదానికి విరిగింది చిటికెన వేలేనండీ,” అంది. “తక్కిన తొమ్మిదీ బాగానే ఉన్నాయి. చిన్నది ఫార్వర్డు.”