మైనస్ మూడు తీసి ప్లస్ ఒకటి

గురువారం పొద్దున అతియా వేసుకున్న పథకంలో ఏ లోపమూ లేదు. ఏడున్నరకు హుస్నాబాద్‌లో స్కూటీ ఎక్కాలి. ఎనిమిదికి బడి మైదానంలో ముగ్గుపిండితో ఒక వర్గ బహుపది గ్రాఫు గీయాలి. పదకొండుకు మండల విద్యాధికారి వచ్చేసరికి పదో తరగతి పిల్లలు ఆ గీత మీద నడుస్తూ లెక్క చెప్పాలి. కాయితం మీద అర్థం కానిది కాళ్లకు అర్థమవుతుందని ఆమె నమ్మకం.

స్కూటీ మీద రెండు పిండి బస్తాలు, తాడు, కట్టెమేకులు చూసి తల్లి ఖుర్షీద్ గుమ్మంలోనే ఆగిపోయింది.

"బడికి పోతున్నవా బేటీ, మేస్త్రీ పనికి పోతున్నవా?"

"బడికే అమ్మీ. జర ఆ పాత ఎర్ర చున్నీ ఇయ్యి, చింపి మేకులకు కట్టాలె. దూరంకెళ్లి కనబడాలె గద."

"నీ పెద్దసారుకు చెప్పినవా?"

"చెప్పిన. ఫికర్ చెయ్యకు. ఇయ్యాల గెలుపు నాదే."

గెలవక తప్పని రోజు అది. క్రితం సారి వచ్చినప్పుడు విద్యాధికారి బోర్డు మీద గంపలాంటి ఒక వంపుగీత గీసి, "దీనికి శూన్యాలెన్ని? అక్షాన్ని ఎన్ని చోట్ల తాకింది?" అని అడిగాడు. ముప్పై ఇద్దరు పిల్లలు ఒక్కసారిగా తమ కాళ్లవైపు చూసుకున్నారు. జవాబు తెలిసిన ప్రవళిక కూడా చూసుకుంది. ఆ అమ్మాయి బడిలో నోరు తెరిచేది మధ్యాహ్నం అన్నానికే. అధికారి సందర్శకుల పుస్తకంలో "గ్రాఫులు రావు" అని రాసి సంతకం పెట్టాడు. మళ్లీ వచ్చినప్పుడు కూడా ఇంతే అయితే, సర్దుబాటు కింద అతియాను మండలం చివరి బడికి పంపుతానని ప్రధానోపాధ్యాయుడు గంగయ్యతో చెప్పి వెళ్లాడు. పరీక్షలకు రెండు నెలలే ఉన్నాయి. ఈ పిల్లలను సగం దారిలో వదిలి వెళ్లడం అతియాకు ఇష్టం లేదు.

అనుకున్నట్టే ఎనిమిదికి పని మొదలైంది. తొందరగా వచ్చిన ప్రవళిక తాడు పట్టుకుంది. ఒక గడికి మూడు అంగలు. మైదానానికి అడ్డంగా ఎక్స్ అక్షం, నిలువుగా వై అక్షం. వాటి మీద y = x² − 2x − 3 గీత. అది కిందికి దిగి, మైనస్ నాలుగు దగ్గర మలుపు తిరిగి, రెండు చేతులూ పైకి చాపి ఉత్తరం దిక్కున పొలాల వరకు పోయింది. బిందువు బిందువుకూ ఒక మేకు, మేకుకు ఎర్ర గుడ్డపేలిక, దాని కింద వై విలువ రాసిన అట్టముక్క.

అంతా అయ్యాక ప్రవళిక చాలా మెల్లగా అంది. "టీచర్, కొసలకు బాణాలు పెట్టలే. గ్రాఫు ఆడ ఆగిపోదు గదా."

ప్రవళిక అడగకుండానే మాట్లాడింది! ఆ సంతోషంలో అతియా మిగిలిన పిండంతా పోసి రెండు పెద్ద బాణాలు వేసింది. ఆ దిక్కున బడికి ప్రహరీ లేదు. ఒక బాణం ప్రవళిక తండ్రి రాజం పత్తి చెలక వైపు, రెండోది యాదవ్వ బర్ల కొట్టం వైపు చూశాయి. తొమ్మిదింబావుకు గంట కొడితే టీచరూ పిల్లలూ లోపలికి పోయారు.

తొమ్మిదిన్నరకు యాదవ్వ బర్రెను విప్పుకొని బయటకు వచ్చింది. తెల్లగీతను చూసింది. ఎర్ర పేలికలను చూసింది. తన కొట్టాన్ని వేలుపెట్టి చూపిస్తున్న బాణాన్ని చూసి బర్రె తాడు వదిలేసింది.

"ఓ రాజం! ఉరికి రా! ముగ్గు పోసిండ్రు!"

ఆ ఊళ్లో ముగ్గు పోశారంటే తవ్వకం మొదలైనట్టే. ఇల్లు కట్టినా, బావి తవ్వినా ముందు పడేది ముగ్గే. పైగా కాలువ వస్తుందని మూడేళ్లుగా ఊరంతా మాట్లాడుకుంటోంది. రాజం చేతిలోని పురుగుమందు డబ్బా పక్కన పెట్టి వచ్చాడు. అతను దుబాయిలో నాలుగేళ్లు రోడ్డు సర్వే వాళ్ల దగ్గర కొలతకట్టె పట్టుకొని నిలబడ్డవాడు. ఊళ్లో సర్వే మీద చివరి మాట అతనిదే. మేకు మేకు దగ్గరా వంగి అట్టముక్కలు చదివాడు.

"కాలువనే అక్కా. సందేహం లేదు."

"గీ మైనస్ నాలుగేంది?"

"నాలుగు మీటర్ల లోతు. మైనస్ అంటే తవ్వుడు, ఉత్త అంకె ఉంటే కట్ట ఎత్తు. గీడ పన్నెండున్నది చూడు, గంత కట్ట మన మీదికెళ్లి పోతది."

"నా కొట్టం మీదికెళ్లా?"

"నీ కొట్టం ఉంటదా ఇగ!"

యాదవ్వ కొంగు నడుముకు చుట్టింది. రాజం ఫోన్ తీసి గీతకు ఫొటో కొట్టి దుబాయిలో ఉన్న తమ్ముడికి పంపాడు. తమ్ముడు దాన్ని ఊరి వాట్సాప్ గ్రూపులో వేశాడు. బడికి నాలుగిళ్ల అవతల ఉన్నవాళ్లకు బడి ముందు కాలువ పడిందన్న సంగతి అలా దుబాయి మీదుగా చేరింది. పది దాటేసరికి మైదానంలో అరవై మంది ఉన్నారు.

వాళ్లు వచ్చేలోపే యాదవ్వ తన పని తాను చేసింది. కొట్టం వైపున్న మేకులు పీకి, రాజం చెలక వైపు నాటింది. పాత గీతను కాలితో చెరిపి, ఇంట్లోంచి ముగ్గు తెచ్చి కొత్త గీత పోసింది. ముప్పై ఏళ్లుగా వాకిట్లో ముగ్గు పెడుతున్న చెయ్యి కావడంతో టీచరు గీత కన్నా అదే నున్నగా వచ్చింది. రాజం అది చూసి, మేకులను మళ్లీ కొట్టం వైపు తిప్పి, వాటి వెంట మిగిలిన ముగ్గు పోశాడు. ఇప్పుడు గీత ఎడమకు పోయి, మనసు మార్చుకొని, కుడికి తిరిగింది.

పదిన్నరకు అతియా పిల్లలను వెంటబెట్టుకొని బయటకు వచ్చి మెట్ల మీదే నిలబడిపోయింది.

ప్రవళిక గీతను పై నుంచి కిందికి చూసింది. "టీచర్, ఎక్స్ మూడు కాడ వై మూడుసార్లొస్తుంది. గిది ప్రమేయమే కాదు."

"నిజమే బిడ్డా. ఒక్క ఎక్స్‌కు ఒక్క వై ఉండాలె," అంది అతియా. తర్వాత జనంలోకి దిగింది. "రాజమన్నా, ఏం చేస్తున్నరు? ఇది పిల్లల పాఠం! కాలువ కాదు!"

"గట్లనే అంటరు మేడం. సెల్ టవర్ పెట్టేటప్పుడు గూడ ఉత్త గుంతనే అన్నరు."

"నేను లెక్కల టీచర్ను అన్నా!"

"లెక్క లేకుంట కాలువ ఎవరు తవ్వుతరు?" అన్నాడు రాజం. అరవై మందీ తలలూపారు.

అధికారి రావడానికి అరగంట ఉంది. అతియా పిండి బస్తా వైపు చూసింది. అది ఖాళీ. అప్పుడు వెనక నుంచి, ఎవరూ పిలవకుండానే, ప్రవళిక ముందుకు వచ్చింది.

"బాపు, కాలువే అనుకో. నీకు ఎట్ల కావాలె చెప్పు."

రాజం బిత్తరపోయాడు. ఇంట్లో కూడా అంత గట్టిగా ఆ పిల్ల మాట్లాడదు. "ఎట్లంటే… నా చెలకల నుంచి పోవద్దు. దూరం పోవద్దు. గట్టును తాకి పోవాలె."

"సరే. గీ అడ్డగీత నీ గట్టనుకో. దీని కింది దిక్కు నీ చెలక." ప్రవళిక ఎక్స్ అక్షం మీద నిలబడి చూపించింది. "ఇప్పుడు గీత గట్టును రెండు తావుల కోసింది. మైనస్ ఒకటి కాడ, మూడు కాడ. నడుమ నీ చెలక పోయింది."

"పోయింది," అన్నాడు రాజం దిగులుగా.

"టీచర్ లెక్కల చివరి మైనస్ మూడు తీసి ప్లస్ ఒకటి పెడితే గీత మొత్తం నాలుగు గళ్లు పైకి లేస్తది. గట్టును ఒక్క తావుల తాకి మళ్లుతది. ఇంకా పెంచినవనుకో, గట్టును తాకనే తాకది."

"తాకకపోతే నీళ్లు రావు గద పొల్లా!" అంది యాదవ్వ.

"రావు పెద్దవ్వా."

జనంలో గుసగుస మొదలైంది. ఒకరికొకరు చెప్పుకున్నారు, వేళ్లతో గాలిలో గీసుకున్నారు. రెండు తావుల కోస్తే చెలక పోతుంది, తాకకపోతే నీళ్లు పోతాయి, ప్లస్ ఒకటి పెడితే అందరూ బతుకుతారు. అతియా ఆ పాఠాన్ని తరగతిలో పదకొండుసార్లు చెప్పింది. ఇంత శ్రద్ధగా ఎవరూ వినలేదు.

సరిగ్గా పదకొండుకు ప్రభుత్వ బోర్డు పెట్టుకున్న కారు గేటు దాటింది. అందులోంచి విద్యాధికారి దిగాడు. కాలువ ఇంజినీరే వచ్చాడనుకొని అరవై మంది ఆయన్ను చుట్టుముట్టారు.

"సార్, గా మైనస్ మూడు తీసేయుండ్రి!"

"ప్లస్ ఒకటి పెట్టుండ్రి సార్, మీ కాళ్లు మొక్కుత!"

అధికారి బెదిరిపోయి గంగయ్య వైపు చూశాడు. గంగయ్య గీత వైపు చూశాడు. ఏం చేయాలో తోచక అధికారి తనకు తెలిసిన ప్రశ్ననే పట్టుకున్నాడు.

"ఆగుండ్రి! గీత అక్షాన్ని రెండు చోట్ల కోస్తే ఏమైతది?"

"చెలక పోతది సార్!"

"తాకకనే పోతే?"

"నీళ్లు రావు!"

"ఒక్క చోటే తాకితే?"

"గదే సార్ మేం అడిగేది!"

అధికారి నుదురు తుడుచుకొని పిల్లల వైపు తిరిగాడు. "ఇదే లెక్కల భాషల ఎవరన్న చెప్తరా?"

"రెండు చోట్ల కోస్తే రెండు శూన్యాలు సార్," అంది ప్రవళిక. "తాకకపోతే వాస్తవ శూన్యాలు లేవు. ఒక్క చోట తాకితే రెండూ సమానం."

వెనక ముప్పై ఒక్క మంది "అవును సార్" అన్నారు. ఈసారి ఎవరూ కాళ్లు చూసుకోలేదు.

అక్కడితో అయిపోయేదే. కానీ యాదవ్వకు తన కొట్టం సంగతి తేలలేదు. ఆమె అధికారి చెయ్యి పట్టుకుంది.

"సారూ, మీరు పెద్దోళ్లు. గా లెక్కంతటినీ మైనస్ చేస్తే గీత ఎటు తిరుగుతది? నా కొట్టం దిక్కు రాదు గద?"

అధికారి ఉద్యోగంలో చేరింది సాంఘికశాస్త్రం టీచరుగా. శూన్యాల ప్రశ్న ఒక్కటి ఎవరో చెబితే నేర్చుకున్నాడు. అన్ని బళ్లలో అదే అడుగుతూ వచ్చాడు. అరవై మంది ఎదురుచూస్తుంటే ఆయన తలవంచి తన బూట్లవైపు చూసుకున్నాడు.

"బోర్లపడ్డ గంప లెక్క అయితది పెద్దవ్వా," అంది ప్రవళిక. "కొసలు దక్షిణం దిక్కు తిరుగుతయి. పెద్దసారు ఆఫీసు రూములకెళ్లి పోతయి."

"వద్దు వద్దు!" అన్నాడు గంగయ్య. "ఇట్లనే ఉండనీయుండ్రి!"

కాలువ లేదని, తాను ఇంజినీరును కానని అధికారి స్వయంగా చెప్పాకే ఊరు నమ్మింది. నమ్మి కొంచెం చిన్నబోయింది. యాదవ్వ బర్రెను వెతుక్కుంటూ వెళ్లింది. రాజం ఫోన్ మోగింది. దుబాయి నుంచి తమ్ముడు.

"అన్నా, ఇంతకు కాలువ మనకు తాకిందా?"

"లేదు తమ్మి. కాలువే లేదట," అన్నాడు రాజం, కూతురి వైపు చూస్తూ. "కని ప్రవళిక మస్తు మాట్లాడింది."

ఆఫీసు గదిలో అధికారి చాయ్ తాగాడు. సర్దుబాటు మాట ఎత్తలేదు. అతియా ఎదురుగానే సందర్శకుల పుస్తకం తెరిచి, పాత వాక్యాన్ని కొట్టేసి, కింద "గ్రాఫులు బాగా వచ్చు" అని రాసి సంతకం పెట్టాడు.

ఎవరికన్నది మాత్రం రాయలేదు.