ఖాళీ క్లాసుకు నూటికి నూరు

కాలేజీలను పాడుచేసేది విద్యార్థులే!

ఈ మాట కోపంతో అనడం లేదు. కెనడాలో, మ్యాపులో అడవి తప్ప ఇంకేమీ కనబడని చోట, నర్సింగ్ చదివేవాళ్లకు రిపోర్టులు రాయడం నేర్పే పార్ట్‌టైమ్ పంతుల్ని నేను. ఇరవై రెండేళ్లుగా నాలుగు నెలలకోసారి నన్ను తీసేసి మళ్లీ పెట్టుకుంటున్నారు. విద్యావిధానం గురించి మాట్లాడే అర్హత నాకు కాక ఇంకెవరికుంది?

విద్యార్థి ఉన్నాడంటే తలనొప్పే. పరీక్ష తప్పుతాడు. మధ్యలో మానేస్తాడు. పాసైనా ఉద్యోగం తెచ్చుకోడు. మా ప్రావిన్స్ ప్రభుత్వమేమో కాలేజీలకు మార్కులు వేసి, ఆ మార్కులను బట్టే నిధులిస్తానంటుంది. చదువైన ఆరు నెలలకు ఫోన్ చేసి, "చదువుకు తగ్గ పనిలోనే ఉన్నారా?" అని అడిగి మరీ రాసుకుంటుంది. అసలెవరినీ చేర్చుకోకపోతే తప్పేదెవరు? మానేసేదెవరు?

ఈ కిటుకు మా డీన్, పెల్తియే అనే ఆయన, ఇట్టే పట్టేశాడు. నర్సింగ్ కోర్సుకు "విరామం" ప్రకటించాడు. మూసేశాడనుకునేరు! మా దగ్గర కోర్సులు మూతపడవండీ, విశ్రాంతి తీసుకుంటాయి. వడ్రంగం కోర్సు తొమ్మిదేళ్లుగా అలసట తీర్చుకుంటోంది. అడవుల శాఖ కూడా పడుకుంది, చుట్టూ ఇంత అడవి పెట్టుకుని! లైబ్రరీ వారానికి ఒకపూట కళ్లు తెరుస్తుంది. ఎంత ప్రశాంతత!

కుర్ర విద్యార్థులు పట్నం కాలేజీకి మారిపోయారు. మిగిలింది మార్లీన్ కోస్కెలా. నలభై ఒక్కేళ్ల మనిషి, ఇద్దరు పిల్లల తల్లి, ఊరు వదిలి పోలేదు. రంపపు మిల్లులో పని పోయాక నర్సునవుతానని చేరింది. క్లాసులో ఫస్టు ఆవిడే. ఇంకొక్క సెమిస్టరు చాలు, నర్సయిపోతుంది. నన్ను తోడు తీసుకుని డీన్ గదికెళ్లింది.

"నాలుగు నెలలే కదండీ! నా ఒక్కదానికైనా చెప్పించండి."

"ఒక్కరి కోసం క్లాసు నడిపితే పైవాళ్లు ఊరుకుంటారామ్మా? అయినా మిమ్మల్ని ఉత్తచేతులతో పంపుతానా! ఇదిగో, 'ఆరోగ్య పరిచయం' సర్టిఫికెట్."

"దీంతో ఇంజెక్షన్ చెయ్యొచ్చా?"

"అబ్బే, చెయ్యకూడదు."

"మరి దీన్నేం చేసుకోను?"

"మీరేం చెయ్యక్కర్లేదమ్మా. మీరు పాసైపోయారు!"

చూశారా బుర్ర! మధ్యలో మానేసినవాళ్ల జాబితాలో పడాల్సిన మనిషిని ఒక్క కాగితంతో పట్టభద్రుల్లో కలిపేశాడు. పక్కనే నిలబడ్డ నేను ఒక్క ముక్క మాట్లాడలేదు. నా కాంట్రాక్టు ఆ నెలాఖరుతో ముగుస్తోంది మరి.

ఆ చలికాలమే నర్సులు లేక మా ఊరి ఆసుపత్రీ విశ్రాంతిలోకి వెళ్లింది. అయితేనేం, ఊరికో వ్యాను వచ్చింది! ప్రతి బుధవారం రోగులను నూట ఎనభై కిలోమీటర్ల అవతలి పట్నానికి తీసుకెళ్తుంది. దాని డ్రైవరు ఉద్యోగం మార్లీన్‌కు దొరికింది. కట్టెలు కొడుతూ గొడ్డలి పాదం మీద వేసుకున్న నేను, కట్టు మార్పించుకోవడానికి అందులో ఎక్కాను. దారిలో మార్లీన్ ఫోన్ మోగింది, ఆ ఆరు నెలల లెక్క రాసుకునే ప్రభుత్వంవాళ్లు. బండి పక్కకు ఆపి, స్పీకర్ పెట్టింది.

"మేడమ్, మీ చదువుకు సంబంధించిన పనిలోనే ఉన్నారా?"

"నర్సు లేని ఊరి నుంచి నర్సున్న ఊరికి రోగుల్ని చేరవేస్తున్నా. దాన్నేమంటారో నువ్వే రాసుకో తల్లీ."

"ఆరోగ్య రంగం! చాలా సంతోషం మేడమ్!"

పాసైంది ఒక్కతే, ఆ ఒక్కదానికీ ఉద్యోగం. మా నర్సింగ్ శాఖకు నూటికి నూరు! పట్నం వర్సిటీలకు కూడా రాని మార్కు! గర్వంతో నా ఛాతీ పొంగిపోయింది.

మార్లీన్ వెనక్కి తిరిగి నా పాదం చూసింది.

"మాస్టారూ, కట్టు తడిసిపోయింది. ఐదు నిమిషాల పని, మార్చేస్తాను."

డ్రైవరు రోగులను ముట్టుకోరాదని ఆవిడ సీటుకు పైనే కాగితం అంటించి ఉంది. చెయ్యి పెడితే ఉద్యోగం పోతుంది. గాయం కడగడం మీద ఆవిడ రాసిన రిపోర్టుకు ఫుల్ మార్కులు వేసింది నేనే.

"వద్దులేమ్మా, బండి పోనీ" అన్నాను. సిగ్గేసింది.

బండి కదిలింది. పట్నం ఇంకా నూట పది కిలోమీటర్లుంది.