పోయిన బర్రె వేరు, దొరికిన బర్రె వేరు

ఊరికి రోడ్డు లేకపోయినా ఫరవాలేదు, వెబ్‌సైటు నడిపే కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టం లేకపోతే మాత్రం ఆ ఊరు బాగుపడదు! నవ్వకండి. రాజోలి పక్కన ఒక పంచాయతీలో జరిగిన సంగతి వింటే మీరే చేతులెత్తి మొక్కుతారు.

ఆ పంచాయతీకి వెబ్‌సైటు పెట్టించింది వనపర్తి కంపెనీ మనిషి మహిపాల్. పూర్వం ఊళ్లో మనుషులు, గొడ్లు, గొడవలు ఉండేవి. ఆయన వచ్చాక అన్నీ కంటెంటే! ప్రతిదానికీ ఒక టైపు, ఒక ట్యాగు, ఒక స్టేటస్. ఇంతకంటే గౌరవం ఏ ప్రభుత్వం ఇచ్చింది చెప్పండి?

పైగా అది స్కేల్ అవుతుంది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జనమంతా ఉన్న పని వదిలేసి పొలోమని ఒకేసారి ఈ ఊరి సైటు తెరిచారనుకోండి. పది లక్షల మంది వచ్చినా కూలదని మహిపాల్ ఊరందరికీ చెప్పాడు! ఎందుకు తెరుస్తారని అడగకండి. అది టెక్నికల్ ప్రశ్న కాదు.

అలాంటి సైటు దగ్గరికి ఒకరోజు పొద్దున్నే బాలనాగమ్మ వచ్చింది. ముందురోజు మేతకు పోయిన బర్రె ఇంటికి రాలేదు. ఈ మధ్యే ఈనింది. ఇంట్లో దుడ్డె పాలు లేక డొక్కలు ఎగరేస్తోంది.

స్కేలింగంటే ఏమిటో బాలనాగమ్మకు చెప్పడం తేలికే. ఉన్న బర్రెకే తవుడు పెంచితే వర్టికల్, పక్కన ఇంకో బర్రెను కట్టేస్తే హారిజాంటల్. పాపం, ఆమెకు ఆ రెండూ కుదరవు. ఉన్నది ఒక్కటే బర్రె, ఇప్పుడు అదీ లేదు.

పంచాయతీ ఆపరేటర్ నాగేశ్ మంచివాడు. కుర్చీ వేశాడు, మంచినీళ్లిచ్చాడు, 'ఫిర్యాదులు' తెరిచి 'పోయిన బర్రె, ఒంటి కొమ్ము' అని ఎక్కించాడు. సరిగ్గా అప్పుడే ఆఫీసు వెనక బందెలదొడ్డిలో ఒక బర్రె గట్టిగా అరిచింది.

బాలనాగమ్మ దిగ్గున లేచింది. "ఏంది బిడ్డా, గదే నా బర్రె! దాని గొంతు నాకు తెల్వదా?"

"జర ఆగు పెద్దమ్మా. అది దొరికిన బర్రె. తన పల్లి చేన్ల పడ్డదని భీమన్న తోలుకొచ్చి దొడ్ల పెట్టిండు. 'ఆస్తులు'ల ఎక్కించిన. నీది పోయిన బర్రె."

"దానికీ ఒక్కటే కొమ్ముంది కద!"

"ఉంది. కానీ రెండు ఒక్కటేనని సిస్టం ఒప్పుకోవాలె."

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టుందని వేళాకోళం చేసేవాళ్లకు ఏం తెలుసు? చంక ఒక టైపు, పిల్ల ఇంకో టైపు. ఈ రెండింటినీ కలిపే పని రెండో ఫేజ్‌లో ఉంది!

నాగేశ్ ఊరుకోలేదు, మహిపాల్‌కు ఫోన్ చేశాడు. ఆయన పెబ్బేరు సంతలో ఉన్నాడు. అక్కడివాళ్లకూ ఇదే సిస్టం అంటగట్టే పనిలో ఉన్నాడట.

"అప్రూవ్ కాక డ్రాఫ్ట్‌ల ఉన్నదాన్ని ఇడిసిపెడితే వర్క్‌ఫ్లో ఖరాబైతది తమ్మీ. అప్రూవల్ నా లాగిన్‌లనే ఉంది. మాపటికి చూస్త" అన్నాడు మహిపాల్.

ఎంత క్రమశిక్షణ! మనబోటి వాళ్లమైతే తాళం తీసి బర్రెను తోలిచ్చేవాళ్లం. అందుకే మనం ఇలా ఉన్నాం.

మధ్యాహ్నమైంది. బర్రె అరుపు ఆగలేదు. పొదుగు సలుపుతుంటే ఏ బర్రె ఊరుకుంటుంది? మళ్లీ ఫోన్ చేస్తే మహిపాల్ మాట వినపడటం లేదని నాగేశ్ కిటికీ మూశాడు. బాలనాగమ్మ లేచి ఇంటికి పోయింది.

తిరిగి వచ్చినప్పుడు ఆమె చేతిలో పలుపు, పలుపు చివర తూలుతూ దుడ్డె. దొడ్డి గేటు దగ్గర వదిలిందో లేదో, అది కడ్డీల మధ్య తల దూర్చింది. బర్రె పరుగున వచ్చి పక్కకు తిరిగి నిలబడింది. యూజర్ నేమ్ లేదు, పాస్‌వర్డ్ లేదు! దుడ్డె తాగుతూనే ఉంది, మూతి చుట్టూ నురుగు.

నాగేశ్ గేటు దగ్గరికొచ్చి కాసేపు చూశాడు. మహిపాల్ నుంచి ఫోన్ మోగుతోంది. ఎత్తలేదు. మొలతాడుకున్న తాళంచెవి తీసి గేటు తెరిచాడు.

"తోల్కపో పెద్దమ్మా." తల గోక్కున్నాడు. "కానీ సిస్టంల ఏం రాయాలె? కారణం రాయకుంటే ముందుకు పోనియ్యది."

బాలనాగమ్మ బర్రె మెడ నిమురుతూ అంది: "పది లక్షల మంది వచ్చినా కూలదంటిరి. నేనొక్కదాన్ని వస్తె పొద్దంత నిలవెట్టె. గదే రాయి."

నాగేశ్ నిజాయితీపరుడు. ఆమె అన్నది అన్నట్టే రాశాడు.

అది ఇప్పటికీ డ్రాఫ్ట్‌లోనే ఉంది.